మూడు, రెండు, రెండు

ఒగ్న్యెన్ డ్రమ్ముల మీద వాళ్ళమ్మ ఎర్ర మిరపకాయలు ఆరబెడుతోంది.
పెద్ద డ్రమ్ము కడుపు నిండా చలికాలం దుప్పట్లు.
సైన్యం కాగితం వచ్చిన రాత్రి
బూట్లు చేత్తో పట్టుకుని
మా ఐదో అంతస్తుకి ఎక్కొచ్చాడతను.
"ఒక్క వారం" అన్నాడు.
మూడు చలికాలాలైంది, ఆ వారం ఇంకా అవలేదు.

కిటికీకి ఎడంగా నడవడం నేర్చుకున్నాడు,
దిండులో తుమ్మడం,
నేను ఇంట్లో లేనప్పుడు కుళాయి తిప్పకపోవడం.
డ్రమ్మరుకి ఇంతకంటే ఏం శిక్ష వెయ్యాలి?
రాత్రుళ్ళు నిద్రలో అతని వేళ్ళు
నా సోఫా చెక్క మీద ఏదో లెక్కపెట్టేవి.

బ్యాండులో మిగిలింది నేనూ, నా బేసు గిటారూ.
పాడేవాడు వియన్నాలో ఎంగిలి గిన్నెలు తోముతున్నాడు.
లీడు వాయించేవాడు సరిహద్దు వైపు వెళ్ళాడు.
వాళ్ళింట్లో అతని గురించి
ఎవరూ భూతకాలంలో మాట్లాడరు.

ఆ ఏడు ఓట్ల లెక్క మార్చేశారు.
రాత్రి ఏడున్నరకి టీవీలో
దేశమంతా ప్రశాంతమని చదివేవాళ్ళు.
సరిగ్గా ఏడున్నరకే
నీష్ ఊరంతా కిటికీలు బార్లా తెరిచి
గిన్నెలు, మూతలు, గరిటెలు, ఒక ముసలాయన బాకా.
వార్తలు వినపడకూడదు, అంతే.
మూడో అంతస్తు మిలుటిన్ ఇటుక తెచ్చాడు విసరడానికి.
మా ఎదురింటి రోసాందా పిన్ని అది లాక్కుని
క్యాబేజీ ఊరేసిన పీపా మీద బరువు పెట్టింది,
వాడి చేతిలో ఒక మూత పెట్టింది.

మొదటి రోజు అది వట్టి గోల,
రేకుల మీద వడగళ్ళు.
రెండో రోజు ఒగ్న్యెన్ వంటింట్లో లైటార్పి
నేల మీద కూచుని
మా అమ్మమ్మ రాగి గిన్నె ఒళ్ళో బోర్లించుకున్నాడు.
తకిట తక తక
తకిట తక తక
మూడు, రెండు, రెండు.
తాతలు పెళ్ళిళ్ళలో అడుగులేసిన లెక్క,
మేం ఆంప్లిఫయర్లో పోసి మండించిన లెక్క.

నాకు కాళ్ళు చల్లబడ్డాయి.
గొంతుకున్నట్టే చేతికీ ఒక గుర్తుంటుంది.
చివరి రెండుని అతనెప్పుడూ
వెంట్రుకవాసి ఆలస్యంగా వేస్తాడు,
చీకట్లో ఇంకో మెట్టుందో లేదో కాలితో తడిమినట్టు.
ఈ ఊళ్ళో ఆ దెబ్బ ఎరగనివాళ్ళెవరు?
"ఆపరా" అన్నాను.
అప్పటికే పై అంతస్తు అందుకుంది.
ఆనక ఎదురు బ్లాకు, రొట్టెల కొట్టు వీధి,
నీషవ అవతలి గట్టు.
వారం తిరక్కుండా ఊరు ఊరంతా
వెంట్రుకవాసి ఆలస్యంగా కొడుతోంది.

ఎనిమిదో రోజు ఇన్‌స్పెక్టరు వచ్చాడు, వార్తల వేళకే.
మొదటి అంతస్తులో తలుపుకి చెవి ఆనించాడు:
మూడు, రెండు, రెండు.
రెండో అంతస్తు, అదే.
మూడు, నాలుగు, అదే ఆలస్యం.
మా గుమ్మం ముందు బూట్లు ఆగాయి.
తలుపుకి ఇవతల నేను, చేతిలో పెనం.
ఒగ్న్యెన్ ఆపలేదు.
మూడేళ్ళు మమ్మల్ని దాచిన నిశ్శబ్దం
ఆ నిమిషంలో వస్తే పట్టిచ్చేసేది.

అప్పుడు ఎదురింట్లోంచి
ధన్. ధన ధన్.
చాలాసేపు ఏమీ లేదు.
ధన్.
రోసాందా పిన్ని. మిల్లు మగ్గాలు
ఆమె చెవుల్ని ఎప్పుడో తినేశాయి.
వంటింటి బల్బు వణికితే మొదలెడుతుంది,
రెక్క నొప్పెడితే ఆపుతుంది.
ఊరందరిలో వేరుగా వినపడ్డ ఒకే ఒక్క చెయ్యి.
అతను ఆ తలుపు దగ్గరికే వెళ్ళాడు.
పిడికిలితో కొట్టాడు. ఆమెకెలా వినపడుతుంది?
మళ్ళీ కొట్టాడు, మళ్ళీ,
తనకి తెలీకుండానే
మూడు, రెండు, రెండు.

చీకట్లో ఒగ్న్యెన్ తలెత్తి విన్నాడు.
నా చెవిలో గుసగుసగా అన్నాడు:
"చివరి రెండు తొందరపడుతున్నాడు."